తప్పిపోయినవారి జాడ తెలిపిన క్లారా బార్టన్

క్లారా బార్టన్ 1821లో క్రిస్మసు దినమున అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమందు జన్మించెను. 1861లో అంతర్యుద్ధము ప్రారంభము కాగా గాయపడిన సైనికులకు పరిచర్య చేసెను. ఆ దినములలో సైనికుని క్షేమము ఇంటికి తెలుపునది ఉత్తరమే. అది ఆగిపోయిన ఇంట తల్లి, కుమారుడు బ్రదికియున్నాడో లేడో తెలియక తల్లడిల్లుచుండెను.

1865లో ఆమె వాషింగ్టన్ నగరమున తప్పిపోయినవారిని వెదకుటకు ఒక కార్యాలయము స్థాపించెను. వారి పేర్లు అచ్చువేయించి ఊరూర పంపి, ఎరిగిన తోటి సైనికులు తనకు వ్రాయవలెనని కోరెను. ఆండర్సన్‌విల్ చెరలో డోరెన్స్ ఆట్‌వాటర్ అను ఖైదీ రహస్యముగా వ్రాసియుంచిన మృతుల పట్టిక ఆధారముగా, అక్కడి సుమారు 13,000 సమాధులకు గుర్తుపలకలు నిలుపబడెను.

1868 నాటికి 63,000కు పైగా ఉత్తరములు వచ్చెను; 22,000 మందికి పైగా జాడ దొరికెను. అనేకులకు అది మరణవార్తయే. అయినను గుమ్మమున కూర్చుండి ఎదురుచూచు తల్లికి నిజము తెలుపుటయు పరిచర్యయే. ఆమె 1912లో మరణించెను.