కాటన్ దొర, కాలువ తవ్విన చేతులు

గోదావరి డెల్టాలో ఎక్కడ చూసినా కాటన్ దొర విగ్రహం కనబడుతుంది. ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండులో పుట్టాడు. 1821లో కంపెనీ ఇంజనీరుగా మద్రాసు వచ్చాడు. కావేరి మీద పనిచేస్తూ, ఇసుక నేలమీద కూడా ఆనకట్ట నిలబడుతుందని చోళులనాటి కల్లణను చూసి నేర్చుకున్నాడు.

ఆనాడు గోదావరి జిల్లా నాశనమైపోతోంది. 1833 నాటి కరువులో జనం మలమల మాడి చచ్చారు. 1839లో ఉప్పెన వచ్చి కోరంగిని ముంచేసింది. కంపెనీకి మాత్రం శిస్తు వసూలే గాని, పూడిన చెరువులూ కాలువలూ పట్టలేదు. 1821లో ఏడు లక్షలు దాటిన జిల్లా జనాభా 1841 నాటికి ఐదున్నర లక్షల చిల్లరకు పడిపోయింది.

నీటి మీద పెట్టిన ఖర్చు శిస్తు రూపంలో తిరిగొస్తుందని కాటన్ లెక్కగట్టి చూపించాడు. లాభం కనబడ్డాకే కంపెనీ తలూపింది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. వేలమంది కూలీలు రాళ్లు మోశారు, మట్టి తవ్వారు. లక్షల ఎకరాలు మాగాణి అయ్యాయి. రైళ్లకంటే కాలువలే ముఖ్యమని చివరిదాకా వాదించిన కాటన్ 1899లో చనిపోయాడు.

కానీ నీళ్లు భూమి ఉన్నవాడికే పారాయి. రాళ్లు మోసినవాడు కూలివాడుగానే మిగిలాడు. ఆనకట్ట కట్టినంత మాత్రాన పని తీరదు. ఏటా పూడిక తీయాలి, మురుగు పోవాలి, శివారు చేనుకూ నీరందాలి. ఇవి దయాధర్మాలు కావు. విగ్రహానికి దండ వేసే పాలకులను వీటికోసం నిలదీసే హక్కు, ఆ కాలువలు తవ్విన కూలీల బిడ్డలకుంది.