రాట్నం ఎటు తిరిగి ఉంది?

జాతీయ జెండా రూపకర్త పింగళి వెంకయ్య. స్కూల్లో ఇది ఒక మార్కు బిట్టు, అంతే. కానీ ఆయన గీసిన జెండా, ఇప్పుడు మన కాలేజీ ముందు ఎగిరే జెండా ఒకటి కాదు. తేడా ఎక్కడుందో వెతుకుతూ వెళ్తే నాకు మన సబ్జెక్టే తగిలింది.

ఆయన 1876 ఆగస్టు 2న మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. కుర్రతనంలోనే సైన్యంలో చేరి, బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్ళారు. గాంధీ గారిని కలిసింది అక్కడే. తిరిగొచ్చాక ఆయనది ఏ బ్రాంచో తేల్చడం కష్టం. కంబోడియా పత్తి పండించి పత్తి వెంకయ్య, జపాన్ భాష నేర్చుకుని జపాన్ వెంకయ్య, వజ్రాల వెంట పడి డైమండ్ వెంకయ్య అయ్యారు. మధ్యలో జెండాల పిచ్చి ఒకటి. 1916లో ముప్ఫై నమూనాలతో ఇంగ్లీషులో పుస్తకమే వేశారు!

వజ్రాన్ని మనిషి సానపట్టకముందే, చాలాసార్లు అది రెండు పిరమిడ్లు అడుగులు కలిపి అతికించినట్టు ఎనిమిది ముఖాలతో ఉంటుంది. ఎటు తిప్పినా అందమే. అలాంటి రాళ్ళు తెలిసిన మనిషికి సిమెట్రీ గురించి ఒకరు చెప్పాలా?

కానీ 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీ గారు అడిగింది ఎరుపు, ఆకుపచ్చ మీద రాట్నం. వెంకయ్య గారు మూడు గంటల్లో గీసిచ్చారు. (మనకి అసైన్‌మెంట్‌కి వారం ఇచ్చినా చాలదు.) మిగతా మతాల వాళ్ళ కోసం తెలుపు కూడా ఉండాలని గాంధీ గారికి తర్వాత తోచింది. అలా మూడు రంగులయ్యాయి.

చిక్కంతా రాట్నంతోనే. దానికి ఒకవైపు చక్రం, ఇంకోవైపు కదురు. జెండాకేమో రెండు ముఖాలు. వెనక నుంచి చూస్తే, సెల్ఫీలో టీషర్ట్ మీద అక్షరాల్లా, అంతా తిరగబడుతుంది. 1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ గారు ఈ ఇబ్బందే వివరించారు. గుర్తు రెండువైపులా ఒకేలా ఉండాలి కాబట్టి రాట్నంలో చక్రాన్ని మాత్రం ఉంచి, దానికి అశోకుడి ధర్మచక్రం రూపం ఇచ్చారు. 24 ఆకులు, ఆకుకీ ఆకుకీ మధ్య 15 డిగ్రీలు. మనకైతే ఒక ఫర్ లూప్. 15 డిగ్రీలు తిప్పండి, అద్దంలో చూడండి, ఏం మారదు.

అందుకని వెంకయ్య గారు రూపకర్త కాదని వాదించేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. మొదటి వెర్షన్ రాసినవాడి పేరు తీసేసి ప్రాజెక్ట్ సబ్మిట్ చేస్తే మనం ఊరుకుంటామా? పైగా ఆ చక్రం ఆయన గీసిన రాట్నంలోంచి మిగిలిందే.

1963 జూలై 4న విజయవాడలో పేదరికంలోనే కన్నుమూశారు. ఆయన బొమ్మతో పోస్టల్ స్టాంపు 2009లో వచ్చింది.