ఆర్నెల్లకో కొత్త అంచు: క్రిస్టియన్ డియోర్ జీవితం

ఆడవాళ్ళ గౌను అంచు నేలకు ఎంత ఎత్తులో ఉండాలి? వినడానికి ఇది దర్జీ కొట్టు అరుగు మీద తేలిపోయే విషయంలా ఉంటుంది. కాని 1947లో ఈ ప్రశ్న మీద ఒక దేశపు మంత్రి విసుక్కున్నాడు, ఇంకో దేశంలో ఆడవాళ్ళు అట్టలు పట్టుకుని నిరసన తెలిపారు, మరో దేశంలో కూరగాయల బజారులో బట్టలు చిరిగేదాకా వెళ్ళింది. ఇంత గొడవకూ కారకుడు నలభై రెండేళ్ళ ఫ్రెంచివాడు. బట్టతల, కాస్త స్థూలకాయం, నలుగురిలో నోరు విప్పడానికి సిగ్గుపడే స్వభావం. పేరు క్రిస్టియన్ డియోర్. ఈ రోజుల్లో ఆ పేరు అత్తరు సీసాల మీద, కళ్ళజోళ్ళ మీద చూసినవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. దాని వెనుక ఒక మనిషి, అతని వెనుక ఒక కష్టమైన జీవితం ఉన్నాయని తెలిసినవాళ్ళు తక్కువ.

మాది ముదినేపల్లి. ఇటు గుడివాడ, అటు కైకలూరు, ఆపైన కొల్లేరు. వరి చేలకూ చేపల చెరువులకూ మధ్య పెరిగినవాడికి పారిస్ ఫ్యాషన్లతో ఏం పని అని మిత్రులు నవ్వవచ్చు. అయితే కళాశాల వార్షికోత్సవం వచ్చినప్పుడల్లా ఫ్యాషన్ షో పెట్టాలని ఒక వర్గం, అది మన సంస్కృతి కాదని మరో వర్గం తగువు పడడం మనందరికీ అలవాటే. అసలా తతంగాన్ని ఇప్పుడున్న రూపానికి దగ్గరగా తెచ్చినవాళ్ళలో ముఖ్యుడెవరో తెలుసుకుని తగువుపడితే ఇంకా బాగుంటుంది కదా!

డియోర్ 1905 జనవరి 21న నార్మండీలోని గ్రాన్‌విల్ అనే సముద్రతీరపు పట్నంలో పుట్టాడు. తండ్రి మోరిస్ ఎరువుల ఫ్యాక్టరీ యజమాని. మన డెల్టా రైతుకు యూరియా బస్తా ఎంత పరిచయమో ఆ చుట్టుపక్కల రైతులకు డియోర్ ఎరువు అంత పరిచయం. ఖరీదైన అత్తరుకు పెట్టిన పేరు మొదట ఎరువుల సంచుల మీద ఉన్నదే. తల్లి మడెలెన్‌కు తోటపని అంటే ప్రాణం. గులాబీ రంగు ఇల్లు, చుట్టూ పూలు. ఆ పూలు కొడుకు మనసులో నిలిచిపోయి, ఎన్నో ఏళ్ళ తర్వాత గౌన్లయి బయటకొచ్చాయి.

కొడుకు రాయబారి కావాలని తల్లిదండ్రుల కోరిక. భవనాల రూపశిల్పి కావాలని అతని కోరిక. ఇది మన ఇళ్ళలో జరగని కథేమీ కాదు. చివరకు పెద్దల మాట కాదనలేక రాజనీతి శాస్త్రం చదివే కళాశాలలో చేరాడు, కాని మనసంతా బొమ్మల మీదా సంగీతం మీదా. 1928లో ఒక స్నేహితుడితో కలిసి చిత్రాల దుకాణం పెడతానన్నాడు. తండ్రి పెట్టుబడి ఇచ్చాడుగాని ఒక షరతు పెట్టాడు: దుకాణం బోర్డు మీద ఇంటి పేరు ఉండకూడదు. కొట్టు పెట్టుకోవడం వంశానికి నామోషీ అన్నమాట! ఆ ఇంటి పేరే తర్వాత ఎన్ని దేశాల్లో ఎన్ని బోర్డుల మీదికి ఎక్కిందో చూడండి.

1931 ఆ కుటుంబాన్ని కూల్చేసింది. తల్లి చనిపోయింది, ఆర్థిక మాంద్యంలో తండ్రి వ్యాపారం పూర్తిగా దివాలా తీసింది. దుకాణమూ నిలబడలేదు. 1934లో డియోర్‌కు క్షయ సోకింది. స్నేహితులు చందాలు వేసుకుని వైద్యానికి పంపించారు. కోలుకుని వచ్చేసరికి ముప్పై దగ్గర పడింది. చేతిలో ఉద్యోగం లేదు, నిలవ నీడ లేదు. అప్పుడు బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. టోపీల బొమ్మలు, గౌన్ల బొమ్మలు గీసి ఇంటింటికీ కాదు, కొట్టుకొట్టుకూ తిరిగి అమ్మాడు. 1938లో రాబర్ట్ పిగె అనే దర్జీ సంస్థలో ఉద్యోగం దొరికింది. ఇరవై రెండేళ్ళకే జీవితం తేలిపోవాలని బెంగపడే మన విద్యార్థులు ఈ లెక్క ఒకసారి గమనించాలి.

మరుసటి ఏడే యుద్ధం. సైన్యంలో అతనికి తుపాకీ కాక పార ఇచ్చారు. పొలం పనులకు పంపారు. 1940లో ఫ్రాన్సు ఓడిపోయాక, దక్షిణాన కాలియన్ అనే పల్లెలో చెల్లెలు కేథరిన్‌తో కలిసి కూరగాయలు పండించి అమ్ముకుని బతికాడు. తర్వాత పారిస్ తిరిగొచ్చి ల్యూసియన్ లెలాంగ్ సంస్థలో చేరాడు. ఇక్కడ అతని జీవితంలో అందరూ తేలిగ్గా దాటేసే ఘట్టం ఒకటుంది. అప్పుడు పారిస్ జర్మన్ల అధీనంలో ఉంది. ఆ సంస్థకు వచ్చే ఖాతాదారుల్లో నాజీ అధికారుల భార్యలూ ఉన్నారు. అన్న వాళ్ళకు గౌన్లు గీస్తుండగా, చెల్లెలు అదే నాజీల మీద రహస్యంగా పోరాడే దళంలో పనిచేస్తోంది. 1944 జులైలో ఆమె పట్టుబడింది. చిత్రహింసలు పెట్టినా తోటివాళ్ళ పేర్లు చెప్పలేదు. ఆమెను రావెన్స్‌బ్రుక్ నిర్బంధ శిబిరానికి పంపారు. అన్న చేసిన ప్రయత్నాలేవీ ఫలించలేదు. 1945 మే నెలాఖరులో ఆమె పారిస్ తిరిగొచ్చింది.

ఒకే ఇంట్లో ఇద్దరు. ఒకరు పొట్ట కోసం సూది పట్టారు, ఒకరు దేశం కోసం ప్రాణం ఒడ్డారు. అన్నను ద్రోహి అనడానికి నాకు నోరు రాదు. అలాగని చెల్లెలి పక్కన నిలబెట్టి పొగడడానికీ మనసొప్పదు. 1947లో అతను తెచ్చిన మొదటి అత్తరు పేరు మిస్ డియోర్. ఆ పేరు ఆమెనుబట్టి వచ్చిందే. ఆ సీసా కొనేవాళ్ళకు రావెన్స్‌బ్రుక్ మాట ఎవరు చెబుతారు?

యుద్ధం ముగిశాక మార్సెల్ బూసాక్ అనే బట్టల మిల్లుల కోటీశ్వరుడు డియోర్‌ను పిలిచి, పాతబడిన ఒక సంస్థను నిలబెట్టమన్నాడు. డియోర్‌కు జాతకాల పిచ్చి జాస్తి. దారిలో కాలికి ఒక లోహపు నక్షత్రం తగిలితే దాన్ని శుభశకునంగా తీసుకుని, పాత సంస్థ వద్దు, నా పేరుతో కొత్తది పెట్టండి అని అడిగేశాడు. బూసాక్ ఒప్పుకున్నాడు. 1947 ఫిబ్రవరి 12 ఉదయం, చలి వణికిస్తుండగా, అవెన్యూ మోంతేన్ 30వ నెంబరు భవనంలో మొదటి ప్రదర్శన జరిగింది.

యుద్ధకాలపు గౌన్లు మోకాలి దగ్గర ఆగిపోయేవి, భుజాలు సిపాయి కోటులా పలకలుగా ఉండేవి. బట్టకు రేషను. డియోర్ మోడళ్ళు వచ్చేసరికి భుజాలు గుండ్రంగా జారాయి, నడుము పిడికిట్లోకి వచ్చింది, లంగా విచ్చిన పువ్వులా పిక్కల దాకా దిగింది. దానికి అతను పెట్టిన పేరు కూడా పూరేకుల వలయమనే అర్థం వచ్చే కొరోల్. ఒక అమెరికన్ సంపాదకురాలి నోట వచ్చిన న్యూ లుక్ అన్న మాటే లోకానికి స్థిరపడింది. కొన్ని గౌన్లకు ఇరవై గజాల దాకా బట్ట పట్టేది. అంటే మన ఆరుగజాల చీరలు మూడింటికి పైమాటే!

పారిస్‌లో అప్పటికి ఇంకా రొట్టెకే రేషను. రూ లెపిక్ బజారులో ఈ గౌన్లు తొడిగి మోడళ్ళను ఫోటోలు తీస్తుంటే, పాత బట్టల్లో నిలబడ్డ ఆడవాళ్ళు మీదపడి చించేశారు. బ్రిటన్‌లో ఈ బట్ట వృథాను తప్పుపట్టిన మంత్రి స్టాఫర్డ్ క్రిప్స్. అవును, 1942లో మనకు రాయబారం తెచ్చిన ఆ క్రిప్సే. ఆ ఏడే డియోర్ అమెరికా వెళితే షికాగోలో పొడుగు లంగాలు వద్దంటూ ఆడవాళ్ళు ఎదురొచ్చారు. ఇక మన సంగతి? స్వాతంత్ర్యం వచ్చిన ఆ సంవత్సరం మన ఊళ్ళలో బట్టల కంట్రోలు. ఆ రోజుల్లో ఒక్క తానుకోసం వరసలో నిలబడ్డవాళ్ళకు ఇరవై గజాల గౌను మాట చెబితే ఏమనేవారో ఊహించుకోవచ్చు.

అయినా రెండేళ్ళు తిరక్కుండా ఆ పొడుగు అంచే అంతటా చెల్లింది. ఎందుకు? మిల్లుల యజమానికి ఎక్కువ బట్ట అమ్ముడుపోవాలి, అందుకే అన్నది ఒక సమాధానం. అందులో నిజం లేకపోలేదు. కాని అయిదారేళ్ళు బూడిద రంగు చూసి చూసి విసిగిన కళ్ళు పువ్వు కోసం మొహం వాచాయన్నది కూడా నిజమే. పండక్కి అప్పు చేసైనా కొత్త చీర కొనే మనకు ఆ ఆకలి అర్థం కాకపోదు.

అక్కణ్ణుంచి ఏటా రెండు ప్రదర్శనలు. 1947 నుంచి 1957 దాకా మొత్తం 22. ప్రతిదానికీ ఒక పేరు: జిగ్‌జాగ్, తులిప్, లిలీ, ఆపైన అక్షరాలు. పద్ధతి ఇలా ఉండేది. డియోర్ పల్లెటూరి ఇంటికి పోయి వందలాది బొమ్మలు గీసేవాడు. వాటిని ముందు తెల్లటి నూలు గుడ్డతో కుట్టి, మనిషి మీద చూసి, దిద్ది, నచ్చాకనే అసలు బట్ట కోసేవారు. ప్రదర్శన రోజున మోడల్ నడిచి వస్తుంటే ఒకరు గౌను పేరు, నెంబరు చదివేవారు. విదేశీ వ్యాపారులు ముందుగా సొమ్ము కట్టి, నమూనాలు కొని, తమ దేశంలో వేలకొద్దీ కుట్టించేవారు.

ఈ 22లో నా అభిప్రాయం అడిగితే, మొదటిది చూడముచ్చటగా ఉన్నా తొడుక్కునేవాళ్ళకు శిక్షే. లోపల బిగువు పట్టీలు, తుంటికి మెత్తలు! పదిహేనేళ్ళు మూసేసిన సంస్థను 1954లో డెబ్బై ఏళ్ళ వయసులో తిరిగి తెరిచిన కోకో షనెల్ ఈ బిగింపులనే దుయ్యబట్టింది. సుఖం విషయంలో నా ఓటు ఆమెకే. కాని డియోర్ కూడా మారాడు. 1953 శీతాకాలంలో అంచు పైకి లేపితే, పొడుగు అలవాటైపోయిన లోకం మళ్ళీ గగ్గోలెత్తింది. 1955 వసంతంలో తెచ్చిన ఏ లైన్ భుజాల నుంచి కిందికి వదులుగా విచ్చుకుంటుంది. ఈ రోజు గుడివాడలోనో ఏలూరులోనో అమ్మాయిలు అడిగి కొనుక్కునే ఏ లైన్ కుర్తీ పేరు అక్కడి నుంచే వచ్చింది. సంస్కృతి కాదని వాదించే మిత్రులు ఇది గమనించాలి.

ఇంకో చుట్టరికం కూడా ఉంది. మొదటి ప్రదర్శన నాడే ఆ భవనంలో తెరిచిన చిన్న కొట్టు గోడలకు జూయీ బట్ట అతికించారు. ఆ బట్ట కథ మన దగ్గర మొదలవుతుంది. మా ఊరికి ఎంతో దూరం లేని బందరు రేవు నుంచి, కోరమండల్ తీరమంతటి నుంచి, కరక్కాయ, పటిక, చిరివేరు రంగులతో అద్దిన బట్టలు ఫ్రాన్సుకు పోయేవి. అక్కడి ఆడవాళ్ళు వాటికోసం ఎగబడితే, తమ నేతగాళ్ళు మునిగిపోతారని 1686లో ప్రభుత్వం నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం నడిచింది. అది ఎత్తేసిన మరుసటి ఏడు ఒబెర్‌కాంఫ్ అనే ఆయన జూయీలో మన అద్దకాన్ని అనుకరిస్తూ ఫ్యాక్టరీ పెట్టాడు. పారిస్ ఫ్యాషన్ మనకు పరాయిదేమో గాని, పారిస్‌కు మన ఫ్యాషన్ ఏనాడూ పరాయిది కాదు. పెడనలో ఇప్పటికీ చెక్క అచ్చు మీద చెయ్యి వేసి కొట్టే చప్పుడు వినేవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

నాకు అసలు పట్టింపు ఇక్కడే. మా అక్క ముదినేపల్లిలో కుట్టుమిషను మీద ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టింది. చీర ఎప్పుడూ ఆ ఆరు గజాలే, మారేదల్లా జాకెట్టు. ఒక ఏడు మోచేతి దాకా చేతులు, ఒక ఏడు బుట్ట చేతులు, మరో ఏడు అసలు చేతులే లేవు. ఒక సినిమా పోస్టరు చూసి మర్నాడే ఆ మెడ తీసేది. సంక్రాంతి ముందు రాత్రుళ్ళు నిద్ర ఉండేది కాదు. ఆమెను ఎవరూ కళాకారిణి అనలేదు, కూలి బేరమాడారు. పారిస్‌లోనూ కుట్టుపని చేసేవాళ్ళను చిన్న చేతులు అంటారు. డియోర్ 85 మందితో మొదలుపెట్టాడు, పదేళ్ళలో వెయ్యిమంది దాటారు. పేరు మటుకు ఒక్కడిదే. 2023 మార్చి 30న డియోర్ సంస్థ ముంబయి గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర ప్రదర్శన పెట్టి, ఎంబ్రాయిడరీ చేసిన ముంబయి చాణక్య వర్క్‌షాపు పేరు బాహాటంగా చెప్పింది. మంచిదే. 2025లో అదే సంస్థ కోటు ఒకదాని మీద లక్నో ముకైష్ పని ఉంటే, ఆ పని పేరు చెప్పలేదని విమర్శ వచ్చింది. చెప్పించుకునేదాకా ఎవరూ చెప్పరని తేలింది.

వ్యాపారంలో డియోర్ తండ్రికి తగ్గ కొడుకే. 1949లో ఒక అమెరికన్ సంస్థ మేజోళ్ళకు అతని పేరు వాడుకుంటానని ఒక్కసారిగా పెద్ద మొత్తం ఇస్తానంటే కాదని, అమ్మకాల మీద వాటా అడిగాడు. పేరును అద్దెకిచ్చే ఈనాటి ఫ్యాషన్ వ్యాపారమంతా ఆ దారినే నడుస్తోంది. కాని ఆర్నెల్లకోసారి లోకాన్ని ఆశ్చర్యపరచాలన్న బాధ్యత అతన్ని తినేసింది. అప్పటికే గుండె జబ్బు. 1957 మార్చిలో టైమ్ పత్రిక ముఖచిత్రమయ్యాడు. అక్టోబరు 24న ఇటలీలోని మోంతెకాతీనిలో విశ్రాంతికి వెళ్ళి గుండెపోటుతో పోయాడు. 52 ఏళ్ళు. కాలియన్‌లోనే, ఒకప్పుడు కూరగాయలు పండించిన పల్లెలోనే సమాధి. సంస్థ బాధ్యత 21 ఏళ్ళ శిష్యుడు ఈవ్ సెంట్ లారెంట్ మీద పడింది.

ఫ్యాషన్ షో మంచిదా చెడ్డదా అన్న తగువుకు ఈ జీవితం ఒక్క మాటలో తీర్పు ఇవ్వదు. అంచు పెంచినా తగ్గించినా లోకం అరుస్తుంది, తర్వాత తొడుక్కుంటుంది. కాబట్టి మన కళాశాలలో ఎవరైనా షో పెడితే నేను అడ్డు చెప్పను. ఒక్కటే కోరతాను. మోడల్ నడిచి వచ్చినప్పుడు బట్ట పేరు, నెంబరుతోపాటు నేసినవాళ్ళ ఊరు, అద్దినవాళ్ళ ఊరు, కుట్టినవాళ్ళ పేరు కూడా మైకులో చదవండి. అలా చదివితే అయ్యే ఆలస్యం గౌనుకు అర నిమిషం.