హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు

బిడ్డలను పాఠశాలలో చేర్చుటకు వచ్చు తల్లిదండ్రులలో కొందరు మమ్ము ఒక ప్రశ్న అడుగుచుందురు. ఇంటిలో ఎట్లును తెలుగే మాటలాడుకొందుము గదా, బడిలో కూడ తెలుగే చదివినచో రేపు బిడ్డకు బ్రతుకుతెరువు ఏమి అని వారి సందేహము. తమిళదేశమున తరతరములుగా కాపురమున్న మనకు అట్టి సందేహము కలుగుట సహజమే. దానికి వాదముతో గాక, తెలుగు పలుకునే జీవనోపాధిగా చేసికొని అరువదియేండ్లు గౌరవముగా జీవించిన ఒక మహనీయుని చరిత్రతో బదులు చెప్పదలచితిమి.

శ్రీ ఆదిభట్ల నారాయణదాసుగారు 1864వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన బొబ్బిలికి దగ్గరనున్న అజ్జాడ అను పల్లెలో జన్మించిరి. తండ్రి వేంకటచయనులుగారు, తల్లి లక్ష్మీనరసమ్మగారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. ఐదేండ్ల ప్రాయమున ఆ బాలుడు అంగడిలో భాగవతమును చూచి, కొనిపెట్టుమని తల్లిని వేధించెననియు, ఇంత చిన్నవానికి ఈ పుస్తక మెందుకని అంగడివాడు నవ్వగా, భాగవత పద్యములను గడగడ చదివి వినిపించెననియు చెప్పుకొందురు. అంగడివాడు ఆశ్చర్యపడి ఆ పుస్తకమును ఊరకే ఇచ్చెనట. అక్షరములు దిద్దు ఈడునకే పద్యములు ఆ బాలుని నాలుకపై నిలిచినవని ఈ కథవలన తెలియుచున్నది.

బాల్యముననే బొబ్బిలిలో వాసా సాంబయ్యగారను వైణికుని చెంత సంగీతము నేర్చెను. పిదప చదువునకై విజయనగరము చేరి, ఆంగ్ల పాఠశాలలో చదివెను. నాడు ఆంగ్లము వచ్చినవారికి కచేరీలలో కొలువు దొరకుట కష్టము కాదు. కుటుంబమువారు సంతోషించునట్టి ఆ మార్గము ఆ యువకునికి తెరచియే యుండెను. అట్టి సమయమున, 1883లో, చెన్నపట్టణమునుండి కుప్పుస్వామినాయుడుగారను భాగవతులు విజయనగరమునకు వచ్చి హరికథ చెప్పిరి. ఆ కథాకాలక్షేపమును విన్న పందొమ్మిదేండ్ల యువకునకు తన దారి ఏదో తెలిసిపోయెను.

హరికథ యన నేమో మన విద్యార్థులు ఎరుగవలెను. ఒకే కథకుడు సభలో నిలిచి, పురాణకథను పాటగా పాడుచు, పద్యముగా చదువుచు, వచనముగా వివరించుచు, ఆయా పాత్రలను అభినయించుచు నడపు కళ యిది. మహారాష్ట్రమున కీర్తనమను పేర పెరిగి, మరాఠా ప్రభువుల కాలమున తంజావూరు చేరి, అచట కర్ణాటక సంగీతముతో కలసెను. తమిళమున దీనిని తీర్చిదిద్దినవారు తంజావూరు కృష్ణభాగవతరుగారు. మన వాడుకలోనున్న కథాకాలక్షేపము ఇదియే. అనగా తెలుగుదేశమున ఇంత ప్రఖ్యాతి గాంచిన హరికథకు విత్తనము ఈ దక్షిణదేశమునుండియే పోయినదని చెప్పవచ్చును.

సూర్యనారాయణ ఆ విత్తనమును తెలుగు మాగాణిలో నాటెను. విన్నదానిని విన్నట్లు అనుకరించి ఊరకుండలేదు. ఆ సంవత్సరమే ధ్రువచరిత్రమును తానే రచించి, తానే రాగతాళములు కూర్చి, విజయనగరమున వేణుగోపాలస్వామివారి కోవెలలో తొలి కథ చెప్పెను. నాటినుండి నారాయణదాసు అను పేరే లోకమున నిలిచెను. అంబరీష చరిత్రము, గజేంద్రమోక్షణము, ప్రహ్లాద చరిత్రము, రుక్మిణీకల్యాణము, యథార్థ రామాయణము మొదలగు హరికథలను దాసుగారు వరుసగా రచించిరి. యక్షగానమువంటి తెలుగు కళారూపములలోని సొగసులను కూడ వానిలో కలిపిరి. కాళ్లకు గజ్జెలు, చేత చిడతలు ధరించి నిలిచి కథ చెప్పు దాసుగారి రీతిని పెక్కుమంది అనుసరించిరి. రెండు చేతులతో, రెండు పాదములతో, శిరస్సుతో వేరువేరుగా ఐదు తాళములను ఒక్కమారే నడపుటచే ఆయనకు పంచముఖీ పరమేశ్వరుడని బిరుదము కలిగెను.

ఇంత విద్య యున్నను దాసుగారికి జీవనము తనంతట తాను అమరలేదు. తొలినాళ్లలో నెలజీతము లేదు. ఊరూర తిరిగి కథ చెప్పి, సభవారు ఇచ్చు సంభావనతో జీవింపవలెను. రాత్రి కథ రక్తికట్టనిచో మరుసటి యూరునుండి పిలుపు రాదు. దాసుగారు అష్టావధానములు చేసిరి, సంగీతసభలలో పండితులను మెప్పించిరి, చెన్నపట్టణమునకును మైసూరునకును పోయి తమ విద్యను చూపిరి. మైసూరు మహారాజు ఆదరించి సత్కరించెను. పిమ్మట విజయనగర ప్రభువగు ఆనంద గజపతి దాసుగారిని తమ ఆస్థానమున విద్వాంసునిగా నిలిపెను. ఈ గౌరవము తొలి కథనాడే లభించినది కాదు, ఏండ్లతరబడి తిరిగిన పిదప లభించినదని గమనింపుడు.

1919లో విజయనగర సంస్థానాధీశులు శ్రీ విజయరామ గజపతి సంగీత కళాశాలను స్థాపించి, దాసుగారిని తొలి అధ్యక్షులుగా నియమించిరి. 1936 వరకు దాసుగారు ఆ పదవిలో నుండిరి. తరువాత ప్రసిద్ధ వాయులీన విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ స్థానమును అలంకరించిరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు, పి. సుశీలగారు సంగీతము నేర్చినది ఆ కళాశాలలోనే. మన వీధులలో తమిళపాటలుగా నిత్యము వినిపించు సుశీలగారి కంఠమునకు మెరుగు పెట్టినది, ఒక తెలుగు కథకుడు పదునేడేండ్లు నడపిన కళాశాలయని తెలిసికొని మన బాలికలు సంతోషింతురుగాక.

దాసుగారు కథకులు మాత్రమే కారు. సంస్కృతాంగ్లములతో పాటు పారసీక, అరబ్బీ భాషలను కూడ అభ్యసించిరి. పారసీక కవి ఉమర్ ఖయ్యామ్ రుబాయీలను, వానికి ఫిట్జెరాల్డ్ చేసిన ఆంగ్లానువాదమును ఎదుట నుంచుకొని, సంస్కృతములోనికిని అచ్చతెలుగులోనికిని మార్చిరి. ఆ గ్రంథము 1932లో వెలువడెను. కాళిదాసు, షేక్స్పియరుల రచనలనుండి రసవంతములగు భాగములను ఏరి నవరసతరంగిణి యను గ్రంథమును కూర్చిరి. చిన్నపిల్లలకై ఈసపు కథలను నూరుగంటి యను పేర అచ్చతెలుగున వ్రాసిరి. అచ్చతెలుగు అనగా సంస్కృతపదములు కలియని తెలుగు. అన్ని భాషలు ఎరిగినవారే, ఏ భాష సాయమును లేక తెలుగు తన కాళ్లపై నిలువగలదని చూపబూనిరి. ముప్పదియేండ్ల వయస్సు వరకు గల తమ జీవితమును నా యెరుక అను స్వీయచరిత్రములో చెప్పికొనిరి.

1945 జనవరి 2వ తేదీన దాసుగారు విజయనగరమున పరమపదించిరి. వారు వేసిన బాట మాత్రము మూయబడలేదు. గోదావరీతీరమున కపిలేశ్వరపురములో 1973లో హరికథా పాఠశాల ఒకటి వెలసెను. ఎందరో బాలికలు అచట ఈ విద్య నేర్చి కథకురాండ్రైరి.

ఇక తల్లిదండ్రుల ప్రశ్నకు వత్తుము. తెలుగు వచ్చినంత మాత్రమున దాసుగారికి కూడు దొరకలేదని ఈ చరిత్ర స్పష్టముగా చెప్పుచున్నది. తెలుగునకు తోడు సంగీతము నేర్చిరి, పరభాషలు నేర్చిరి, ఊరూర తిరిగి శ్రమపడిరి. అయితే తెలుగును విడిచి యుండినచో ఆ సంగీతమును, ఆ భాషలును వారిని ఎచటికి చేర్చియుండునో ఆలోచింపుడు. కచేరీలో ఒక గుమాస్తా అధికమగును, తెలుగువారికి ఒక హరికథా పితామహుడు తక్కువగును. నేడు పోషించుటకు మహారాజులు లేరు. ప్రతి బిడ్డయు కవి కావలెనని మేము చెప్పుటయు లేదు. ఏ ఉద్యోగమునకు పోయినను తల్లిభాషను వెంట నుంచుకొన్నచో అది బరువు కాదు, బలమని మాత్రమే మా విన్నపము.

విద్యార్థులారా! దాసుగారు దక్షిణదేశపు కళను చూచుటకు ఒక భాగవతుడు విజయనగరమునకు రావలసివచ్చెను. మీకో, తమిళము గుమ్మము దాటినంతనే వినవచ్చుచున్నది. ఆ భాషలోని కథలను వినుడు, పాటలను నేర్వుడు, మన భాషలో మరల చెప్పుడు. మనకు చేరువనున్న శ్రీవిల్లిపుత్తూరులోని విష్ణుచిత్తుల కథను, గోదాదేవి కథను శ్రీకృష్ణదేవరాయలు తెలుగున ఆముక్తమాల్యదగా చెప్పలేదా? అవ్వల నోట, తాతల నోట ఉన్న కథలు ఇంకను మన యిండ్లలోనే యున్నవి. ఈ సెలవులలో ఒక్కొక్క కథను విని, తెలుగున వ్రాసి తెండు. చదువుటకు మేము కాచుకొని యుందుము.