ఆల్ఫోన్స్ పేనో

ఆల్ఫోన్స్ పేనో 1850వ సంవత్సరమున పారిసు నగరమున జన్మించెను. తుంటిరోగముచే నౌకాదళమున చేరజాలక, తన బుద్ధిని ఆకాశయానమునందు నిలిపెను.

మెలిపెట్టిన రబ్బరుత్రాడు విప్పుకొనుచు ప్రొపెల్లరును త్రిప్పునట్లు ఒక చిన్న విమానపు బొమ్మను నిర్మించి, 1871లో ట్విలెరీ ఉద్యానమున పండితుల యెదుట ఎగురవేసెను. అది 11 సెకండ్లు నిలుకడగా ఎగిరెను. ఱెక్కల వెనుక కొంచెము వాలుగా అమర్చిన తోకపలకయే అందులకు కారణము. ముక్కు క్రిందికి వంగినయెడల తోకపలక దానిని మరల పైకి తెచ్చును. నేడు బాల్సా కఱ్ఱతో కట్టి విద్యుచ్ఛక్తిచే నడపు చిన్న విమానములందును తోకపలక చేయు పని యిదియే.

1876లో మనుష్యులను మోయు విమానమునకు పేటెంటు పొందెను గాని, నిర్మించుటకు ధనమిచ్చువారు లేకపోయిరి. నిరాశకు లోనై 1880లో, 30 ఏండ్ల ప్రాయముననే, తన ప్రాణము తానే తీసికొనెను.

అంతకు రెండేండ్ల పూర్వమే అమెరికాలో బిషప్ మిల్టన్ రైట్ అను దైవసేవకుడు, పేనో పద్ధతిని చేసిన రబ్బరు బొమ్మ నొకదానిని తన కుమారులకు తెచ్చియిచ్చెను. ఆ బాలురే 1903లో విమానమెక్కి ఎగిరిన విల్బర్, ఆర్విల్ సోదరులు. వ్యర్థమైనట్లు కనుపించిన కృషి అప్పటికే ఇద్దరు బాలుర చేతులలో నుండెను.

విద్యార్థులారా! మీ శ్రమ నిష్ఫలమని తోచినపుడు ఒంటరిగా కుమిలిపోక, మీ మేలుకోరువారితో చెప్పుకొనుడు.