కాలం గుట్టును ఉర్దూలో చెప్పిన హైదరాబాదీ, డాక్టర్ రజీయుద్దీన్ సిద్దీఖీ

1919 మే 29న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఇంగ్లండ్‌కు చెందిన ఎడింగ్టన్ ఆఫ్రికా పక్కనున్న ప్రిన్సిపె అనే చిన్న దీవికి పోయి ఆ చీకట్లో ఫొటోలు తీశారు. ఇంకో బృందం బ్రెజిల్‌లో తీసింది. సూర్యుడి పక్కనుంచి వచ్చే నక్షత్రాల వెలుతురు ఎంత వంగుతుందో కొలవడం వాళ్ల పని. న్యూటన్ లెక్క ప్రకారం అయితే కొంచెం వంగాలి, ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం అయితే దానికి రెండింతలు. నవంబర్‌లో ఫలితం చెప్పారు. ఐన్‌స్టీన్ లెక్కే నిలబడింది.

అదే ఏడు ఆగస్టులో హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ క్లాసులు మొదలయ్యాయి. లెక్కలు, సైన్సు, చరిత్ర అన్నీ ఉర్దూలోనే. 1908లో హైదరాబాద్‌లో పుట్టిన రజీయుద్దీన్‌కు అప్పుడు పదకొండేళ్లు. తర్వాత ఆ పిల్లవాడే అదే యూనివర్సిటీలో చదివి, అక్కడే ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని ఉర్దూలో చెప్పే ప్రొఫెసర్ అయ్యాడు.

ఉస్మానియా డిగ్రీ తర్వాత ఆయన కేంబ్రిడ్జ్ వెళ్లారు. ఎడింగ్టన్, డిరాక్ అప్పుడు అక్కడే ఉన్నారు. తర్వాత జర్మనీలో, హైజెన్‌బర్గ్ ఉన్న లైప్‌జిగ్‌లో డాక్టరేట్ చేశారు. క్వాంటం మెకానిక్స్ అప్పటికి పుట్టి నాలుగైదేళ్లే. యూరప్‌లోనే చాలా యూనివర్సిటీలకు అది ఇంకా అందలేదు. మనవాడు దాన్ని నేర్చుకుని 1930ల మొదట్లో హైదరాబాద్‌కు తిరిగొచ్చి, ఉస్మానియాలో చెప్పడం మొదలుపెట్టారు. ఆ పాఠాలు తర్వాత పుస్తకంగా కూడా వచ్చాయి. సాపేక్షత మీద ఉర్దూలో రాశారు. ఉర్దూలో సాపేక్షతను ఇజాఫియత్ అంటారు.

ఇంతకీ ఆ సిద్ధాంతం కాలం గురించి చెప్పేది ఏంటి? ముందు ఒక గందరగోళం తీసేద్దాం. రంజాన్‌లో మన నారాయణఖేడ్‌లో హైదరాబాద్ కంటే దాదాపు మూడు నిమిషాలు ఆలస్యంగా ఇఫ్తార్ అవుతుంది. మనం హైదరాబాద్‌కు పడమరన ఉన్నాం, సూర్యుడు మన దగ్గర కొంచెం ఆలస్యంగా మునుగుతాడు, అంతే. ఒక్కో రేఖాంశానికి నాలుగు నిమిషాల తేడా. గడియారంలో పన్నెండు కొట్టినా మనకు సగటున 12 గంటల 19 నిమిషాల ప్రాంతంలో గానీ సూర్యుడు నడినెత్తికి రాడు. దేశమంతా ఒకే టైం వాడటానికి 1906లో పెట్టుకున్న ఏర్పాటు వల్ల వచ్చిన తేడా ఇది. దీనికి ఐన్‌స్టీన్‌తో పనిలేదు. ఇక్కడ గడియారాలు వేరైనా కాలం ఒకటే.

ఐన్‌స్టీన్ 1905లో చెప్పింది కాలమే ఒకటి కాదని. మన ఖేడ్‌కు రైలు లేదు కాబట్టి జహీరాబాద్ స్టేషన్ అనుకుందాం. ఒక రైలు ఆగకుండా పోతోంది. దాని రెండు కొసల మీద పిడుగులు పడ్డాయి. ప్లాట్‌ఫామ్ మీద సరిగ్గా మధ్యలో నిలబడ్డ మనిషికి రెండు మెరుపులూ ఒకేసారి కనిపించాయి. రైల్లో నడిమధ్య కూర్చున్న మనిషి ముందువైపు మెరుపుకు ఎదురు పోతున్నాడు కాబట్టి అది అతనికి ముందు కనిపిస్తుంది. వెలుతురు వేగం ఎవరు కొలిచినా ఒక్కటే. రెండు కొసలూ అతనికి సమాన దూరం. అందుకే అతని లెక్కలో ముందు పిడుగు నిజంగానే ముందు పడింది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. అంటే అందరికీ చెల్లే ఇప్పుడు అనేదే లేదు.

ఇది మాటల గారడీ కాదు. మన ఫోన్‌లో దారి చూపించే జీపీఎస్ శాటిలైట్ల గడియారాలు రోజుకు దాదాపు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. అది సరిదిద్దకపోతే ఒక్క రోజులోనే కిలోమీటర్ల తప్పు వస్తుంది. బీకాం చదివిన నాలాంటోడికి సమీకరణాలకంటే ఈ లెక్కే తొందరగా ఎక్కింది.

గ్రహణం సంగతి ఇక్కడే మళ్లీ పనికొస్తుంది. ఐన్‌స్టీన్ ముందే అంకె చెప్పి, అది తప్పితే నా సిద్ధాంతం పోయినట్టే అనే పరీక్షకు నిలబడ్డాడు. తత్వవేత్త కార్ల్ పాపర్ సైన్సుకు గీటురాయి ఇదేనన్నాడు. ఏం జరిగినా నాదే కరెక్టు అనేది సైన్సు కాదు. వాట్సాప్‌లో ప్రతి కొత్త ఆవిష్కరణనూ మన కితాబుకు రుజువంటూ పంపేవాళ్లు ఈ ముక్క ఒకసారి ఆలోచించాలి. రేపు ఆ సిద్ధాంతం మారితే అప్పుడేమంటారు?

రజీయుద్దీన్ సాబ్ ఇంకో వైపు కూడా నడిచారు. ఇక్బాల్ 1929 జనవరిలో మద్రాస్ తర్వాత హైదరాబాద్ వచ్చి ఉపన్యాసాలిచ్చారు. కాలం వాటిలో పెద్ద విషయం. కాలం విడివిడి క్షణాల వరస అన్న పాత అష్అరీ వాదం ఆయనకు సరిపోలేదు, ఎందుకంటే రెండు క్షణాల మధ్య ఖాళీ మిగిలిపోతుంది. ఐన్‌స్టీన్‌ను మెచ్చుకుంటూనే ఒక భయం చెప్పారు. కాలం కూడా పొడవు వెడల్పుల్లాంటి ఇంకో కొలతే అయితే, రేపు కూడా నిన్నలాగే ముందే గీసేసి ఉన్నట్టు కదా. అప్పుడు మనిషి మెహనత్‌కు, తఖ్దీర్‌కు అర్థమేంటి? ఇక్బాల్ కవిత్వంలోని జమాన్, మకాన్ భావన మీద గణితం చదివిన రజీయుద్దీన్ ప్రత్యేకంగా రాశారు. మకాన్ అంటే మన ఇళ్లల్లో ఇల్లే. ఫిజిక్స్‌లో అదే మాట స్థలానికి. ఇంట్లో మాటతోనే అంత బరువైన విషయం మోయించొచ్చని ఉస్మానియా వాళ్లు చూపించారు. మన పిల్లలు ఇంగ్లీష్ మీడియంలో ఆ ఫార్ములాలు బట్టీ పట్టి, ఇంట్లో అమ్మీకి ఒక్క వాక్యంలో కూడా చెప్పలేకపోతున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఆయన ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా కూడా పనిచేశారు. సరిగ్గా సంస్థానం చివరి రోజులవి. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. అప్పుడు మన ఖేడ్ బీదర్ జిల్లాలో ఉండేది. ఆ తర్వాత ఉస్మానియాలో ఉర్దూ స్థానంలో ఇంగ్లీష్ వచ్చింది. సిద్దీఖీ సాబ్ పాకిస్తాన్ వెళ్లిపోయారు. అక్కడ పెషావర్, సింధ్ యూనివర్సిటీలు నడిపారు. ఇప్పుడు కాయిదె ఆజమ్ పేరుతో ఉన్న ఇస్లామాబాద్ యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. 1998 జనవరిలో తొంభై ఏళ్ల వయసులో, పుట్టిన ఊరికి చాలా దూరంగా కన్నుమూశారు.