మంచు గోదాములో చదువుల దీపం

మద్రాసు మెరీనా ఒడ్డున ఐస్‌హౌస్ ఉంది. ఒకప్పుడు అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన మంచుగడ్డలు దాచిన మేడ. అటు వెళ్లినప్పుడల్లా నాకు సిస్టర్ సుబ్బలక్ష్మి గారే గుర్తొస్తారు.

ఆవిడ 1886లో పుట్టారు. పదకొండేళ్లకి పెళ్లి, ఆ వెంటనే వైధవ్యం. తండ్రి ఆమెని మూల కూర్చోబెట్టకుండా చదివించాడు చూడండీ, అదీ విశేషం! 1911లో ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఏ. పాసయ్యారు. ఇక తన దారి తను చూసుకోవచ్చు కదా? ఊహూ. తనలాంటి నలుగురు పిల్లల్ని చేరదీసి ఎగ్మూరులో ఒక ఇల్లు నడిపారు. పిల్లలు పెరిగారు, ఇల్లు చాలక ఐస్‌హౌస్‌కి మారారు.

పెళ్లంటే ఏమిటో తెలియకుండానే బొట్టు చెరిపించుకున్న పిల్లలు! ఇంత తిండి, గుడ్డ ఇచ్చి ఊరుకున్నా లోకం మెచ్చుకునేదే. ఆవిడ మాత్రం వాళ్లని బడికి, ఆ పైన టీచరు ట్రైనింగుకి, 1914లో తెరిచిన క్వీన్ మేరీస్ కాలేజీకి పంపారు. ఎదురొస్తే అపశకునమని జనం మొహం తిప్పుకునే ఆడపిల్లలు, పుస్తకాలు పట్టుకుని కాలేజీ మెట్లెక్కారు.

ఒక్కటే నాకు మింగుడుపడదు. ఆ ఇంట్లో చోటు బ్రాహ్మణ పిల్లలకే. లేకపోతే ఆ కాలపు తల్లిదండ్రులు పంపేవారు కాదేమో! తర్వాత ఆవిడ దగ్గర్లోని కుప్పంలో బెస్తవారి పిల్లలకీ బడి పెట్టారు.

1969లో ఆవిడ కన్నుమూసేనాటికి, ఐస్‌హౌస్ పిల్లల్లో చాలామంది టీచర్లయి తమ జీతం తాము తెచ్చుకున్నవాళ్లే.